ఏ320 టైప్ రేటింగ్: చేతులకంటే నోటికే ఎక్కువ పని

సీపీఎల్, అంటే కమర్షియల్ పైలట్ లైసెన్స్, చేతికి రాగానే ఎయిర్‌లైన్ యూనిఫాం వేసేసుకోవచ్చని మా చుట్టాల్లో చాలామంది అనుకున్నారు, నిజం చెప్పాలంటే నన్ను ఫ్లయింగ్ స్కూల్లో చేర్చేనాటికి మా నాన్న కూడా అలాగే అనుకున్నారు. 200 గంటలు ఎగిరి, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టే పేపర్లన్నీ గట్టెక్కి, రేడియో పరీక్ష కూడా అయిపోయి ఇంటికొస్తే మా నాయనమ్మ "ఇంకా ఏం చదువే, విమానం నడపడం వచ్చేసిందిగా" అంది. వచ్చింది, కానీ నాకొచ్చింది సెస్నా 172. మనుషులూ ఇంధనమూ అన్నీ కలిపి దాని గరిష్ఠ బరువు 1,150 కిలోల పైచిలుకు. గన్నవరంలో మీరెక్కే ఎయిర్‌బస్ ఏ320 నియో టేకాఫ్ బరువు 79 టన్నుల దాకా వెళ్తుంది. లైసెన్సులో ఆ విమానం పేరు విడిగా ఎక్కితే తప్ప దాని పైలట్ సీట్లో కూర్చోనివ్వరు. ఆ పేరు ఎక్కించుకునే తతంగమే టైప్ రేటింగ్. ఒకసారి ఎక్కితే ఏ319, ఏ320, ఏ321 మూడింటికీ అదే చెల్లుతుంది, కానీ బోయింగ్ 737 ముట్టుకోవాలంటే మళ్లీ మొదటినుంచీ మొదలెట్టాలి.

మాది గుంటూరు, బ్రాడీపేట. నాన్నకి మిర్చి యార్డులో కమిషన్ కొట్టు. ఇంటర్ మాత్రం విజయవాడ హాస్టల్లో ఉండి చదివాను. తెల్లవారకముందే లేపి రాత్రి దాకా స్టడీ అవర్స్ పెట్టే కాలేజీ, వారం వారం పరీక్ష, పరీక్ష పరీక్షకీ గోడ మీద ర్యాంకుల లిస్టు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ చదువు నాకు సిమ్యులేటర్లో సగం పనికొచ్చింది, మిగతా సగం అడ్డం పడింది.

ముందు డబ్బు సంగతి, అందరూ అడిగేది అదే కాబట్టి. నేను కనుక్కున్న చోట్ల 15 లక్షలకు అటూ ఇటూ చెప్పారు, అక్కడ ఉండటానికీ తినడానికీ అయ్యేది వేరే. బ్యాంకుకి వెళ్తే మేనేజర్ గారు మంచి మనిషే, కానీ ఫారంలో డిగ్రీనా డిప్లొమానా అన్న గడి దగ్గర ఆగిపోయారు. ఇది రెండూ కాదు, రెండు మూడు నెలల్లో అయిపోయే శిక్షణ. పైగా ఎడ్యుకేషన్ లోన్ ఏడున్నర లక్షలు దాటితే తాకట్టు అడుగుతారు, మా పొలం కాగితాలేమో సీపీఎల్ అప్పు కింద అప్పటికే బ్యాంకులో ఉన్నాయి. అమ్మ తన గాజుల సంగతి ఎత్తింది. నాన్న ఏమీ మాట్లాడలేదు, మర్నాడు యార్డులో తెలిసినవాళ్ల దగ్గర కొంత చేబదులు మాట్లాడుకొచ్చి, మిగతాదానికి ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టారు.

ఈ మధ్యలో విజయవాడలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు "రేటింగ్ చేయిస్తాం, ఉద్యోగం పూచీ కూడా మాదే" అన్నారు. ఆ మాటే కాగితం మీద రాసివ్వండి అని నాన్న అడిగితే టీ తెప్పించారు, కాగితం మాత్రం తెప్పించలేదు. ఇది చదువుతున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ నేను గట్టిగా చెప్పే మాట ఒకటుంది: చేతిలో రేటింగ్ ఉన్నంత మాత్రాన ఎవరూ పిలిచి ఉద్యోగం ఇవ్వరు. ఆరు నెలలకోసారి సిమ్యులేటర్లో ప్రొఫిషియెన్సీ చెక్ అవుతూ ఉండాలి, ఉద్యోగం లేకుండా కూర్చుంటే అది కూడా మన జేబులోంచే. నాకూ, నాతోపాటు ఫ్లయింగ్ స్కూల్లో చదివిన తెనాలి అబ్బాయికీ ఒక ఎయిర్‌లైన్ రాతపరీక్ష, ఇంటర్వ్యూ అయ్యాయి, సొంత ఖర్చుతో ఏ320 రేటింగ్ చేసుకురండి, అప్పుడు తీసుకుంటాం అన్న షరతు మీద లెటర్ వచ్చింది. ఆ లెటర్ లేకపోతే నేను ఈ సాహసం చేసేదాన్ని కాదు. ఏ320నా 737నా అన్న ప్రశ్నకు కూడా జవాబు అక్కడే ఉంది, ఏ కంపెనీ పిలిస్తే ఆ విమానం. ఇండిగో దగ్గర ఉన్నవాటిలో ఎక్కువ ఏ320 కుటుంబం, ఆకాశ దగ్గర అన్నీ 737 మ్యాక్స్. ఇష్టాయిష్టాలు తర్వాత సంగతి.

శిక్షణకి గురుగ్రామ్ వెళ్లేముందు ఇంట్లో ఉన్న కొన్ని వారాలు నేనూ తెనాలి అబ్బాయీ చేసిన పని గురించి చెప్పాలి, ఎందుకంటే రూపాయి ఖర్చుకి అంత లాభం నాకు ఇంకెక్కడా రాలేదు. కాక్‌పిట్ బొమ్మని అసలు సైజులో ఫ్లెక్సీ కొట్టించాం. అరండల్‌పేటలో పుట్టినరోజులకీ పెళ్లిళ్లకీ ఫ్లెక్సీలు వేసే కొట్టు అది, ఫైల్ ఓపెన్ చేసి చూసి ఆ కుర్రాడు "పైన ఫొటో ఎవరిది పెట్టాలి మేడమ్?" అన్నాడు. ఎవరిదీ వద్దన్నా నమ్మలేదు, కనీసం శుభాకాంక్షలన్నా రాయిస్తారేమోనని రెండుసార్లు అడిగాడు. దాన్ని మా ముందుగదిలో గోడకి కొట్టి, ఓవర్‌హెడ్ ప్యానెల్ ముక్కని బీరువా పైనుంచి వేలాడదీసి, రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని కూర్చునేవాళ్లం. తెనాలి తమ్ముడు పొద్దున్నే రైల్లో వచ్చి సాయంత్రం పోయేవాడు. చెయ్యి ఏ స్విచ్ తర్వాత ఏ స్విచ్ మీదకి వెళ్లాలి, ఆ వరస, దాన్ని ఫ్లో అంటారు, కళ్లు మూసుకున్నా చెయ్యి వెళ్లేదాకా చేశాం. టేకాఫ్ దగ్గరనుంచి ల్యాండింగ్ దాకా ఎవరు ఏం అనాలో పైకి అంటూ చేశాం. మధ్యాహ్నం భోజనానికొచ్చిన నాన్న గుమ్మంలో నిలబడి కాసేపు చూసి, "ఏమే, వీళ్లు గోడతో ఇంగ్లీషులో పోట్లాడుతున్నారు" అని అమ్మని పిలిచారు.

గ్రౌండ్ స్కూల్ గురించి ఎక్కువ రాయను. హైడ్రాలిక్స్, కరెంటు, ఇంధనం, ఇంజిన్లు, ఏసీ, అన్నీ కంప్యూటర్ ముందు కూర్చుని చదవడం, పైన ఇన్‌స్ట్రక్టర్ క్లాసు, చివర పరీక్ష. స్టడీ అవర్స్ చదువు ఇక్కడ బాగా అక్కరకొచ్చింది. ఎయిర్‌బస్ వాళ్ల ఆలోచన ఒకటి మాత్రం నాకు భలే నచ్చింది: అంతా సవ్యంగా ఉంటే తలపై ప్యానెల్లో ఒక్క లైటూ వెలగదు. వెలిగిందంటే మన పని ఉన్నట్టే. హైడ్రాలిక్స్‌కి పచ్చ, నీలం, పసుపు అని మూడు వ్యవస్థలు, వాటి పేర్లే అవి. పచ్చదానికీ పసుపుదానికీ మధ్య పీటీయూ అని ఒకటుంటుంది, ఒకదాంట్లో ప్రెషర్ తగ్గితే రెండోదాని బలంతో దాన్ని నిలబెడుతుంది, ఒకదాని నూనె ఇంకోదాంట్లో కలవకుండా. రెండో ఇంజిన్ స్టార్ట్ చేసేటప్పుడు అది తనని తాను పరీక్షించుకుంటుంది, అప్పుడు రెక్కల దగ్గర కూర్చున్నవాళ్లకి కాళ్ల కింద కుక్క మొరిగినట్టు వినిపిస్తుంది. ఈమధ్య గన్నవరంలో ప్యాసింజర్‌గా ఎక్కినప్పుడు పక్క సీటావిడ ఆ చప్పుడుకి ఉలిక్కిపడి దుర్గమ్మని తలుచుకుంటుంటే, ఏం కాదు పిన్నిగారూ, పంపు బాగుందో లేదో చూసుకుంటోంది అని చెప్పాను. నమ్మినట్టు కనపడలేదు.

సిమ్యులేటర్ అంటే చాలామంది పెద్ద వీడియో గేమ్ అనుకుంటారు. మొదట కొన్ని సెషన్లు కదలని పెట్టెలో, అది ఫ్లోలు, కంప్యూటర్లో రూట్ ఎక్కించడం, మామూలు టేకాఫ్ ల్యాండింగ్ కోసం. ఆ తర్వాత ఆరు కాళ్ల మీద నిలబడి అన్ని వైపులకీ ఊగే ఫుల్ ఫ్లైట్ సిమ్యులేటర్. లోపలికెళ్లి తలుపేశాక అది సిమ్యులేటర్ అన్న సంగతి పది నిమిషాల్లో మర్చిపోతాం. ఒక్కో సెషన్ నాలుగు గంటలు, సగం నువ్వు నడుపుతావు, సగం పక్కవాడు, దానికి ముందు గంటకి పైగా బ్రీఫింగ్, తర్వాత డీబ్రీఫింగ్. మెషీన్ ఖరీదైనది కాబట్టి ఇరవైనాలుగు గంటలూ తిప్పుతారు, కొత్తవాళ్ల వంతుకి అర్ధరాత్రి స్లాట్లే ఎక్కువ మిగులుతాయి. జనవరి చలిలో గురుగ్రామ్ పీజీలోంచి రాత్రి ఒంటిగంటకి బయల్దేరి వెళ్లడం గుంటూరు ఒంటికి అంత సుళువు కాదు, అక్కడికెళ్తే లోపల ఏసీ ఇంకా చలి.

మొట్టమొదట నేర్పేది కూర్చోవడం. నవ్వకండి. ముందు అద్దాల మధ్య స్తంభం మీద చిన్న బంతులు మూడుంటాయి, రెండు ఎర్రవి, ఒకటి తెల్లది. సీటుని పైకీ కిందికీ ముందుకీ వెనక్కీ జరుపుకుంటూ పోతే ఒకచోట ఎర్రబంతి వెనకాల తెల్లబంతి సరిగ్గా దాక్కుంటుంది. కన్ను ఉండాల్సిన చోటు అదే, అక్కణ్నుంచి చూస్తేనే రన్‌వే ఎంత కనపడాలో అంత కనపడుతుంది. నేను ఐదడుగుల రెండంగుళాలు. కన్ను అక్కడికొచ్చేసరికి కాళ్లు అందవు, రడ్డర్ పెడల్స్ దగ్గరికి తెచ్చే హ్యాండిల్ తిప్పి తిప్పి, ఒక పెడల్ పూర్తిగా తొక్కినా మోకాలు కొద్దిగా వంగే ఉండేలా సరిచేసుకోవాలి. మోచేయి ఆనే ఆర్మ్‌రెస్ట్‌కి కూడా ఒక అక్షరం, ఒక అంకె చూపించే చిన్న కిటికీ ఉంటుంది, మనకి కుదిరింది గుర్తుపెట్టుకుంటే ప్రతిసారీ అదే పెట్టుకోవచ్చు. సైడ్‌స్టిక్‌ని, అంటే విమానాన్ని తిప్పడానికి పక్కనుండే చిన్న కర్రని, మణికట్టుతో, వేళ్లతో కదుపుతాం కాబట్టి మోచేయి గాల్లో ఉంటే పని జరగదు. మొదటి సెషన్లో తమ్ముడు నాకంటే అడుగు పొడుగు కాబట్టి చటుక్కున సర్దుకుని "అక్కా అయిందా" అంటూనే ఉన్నాడు. కానివ్వరా బాబూ అన్నాను.

సైడ్‌స్టిక్ దగ్గరే అసలు సంగతి ఉంది. సెస్నాలో రెండు కంట్రోల్ వీల్స్ ఒకదానికొకటి బిగించి ఉంటాయి. నేను తిప్పితే ఇన్‌స్ట్రక్టర్ చేతిలోదీ తిరుగుతుంది, ఆయన పట్టుకుంటే నా చేతికి తెలుస్తుంది. మాట అక్కర్లేదు. ఏ320లో ఎడమ సీటు స్టిక్‌కీ కుడి సీటు స్టిక్‌కీ సంబంధమే లేదు. నేను లాగితే అవతలిది కదలదు. ఇద్దరం ఒకేసారి కదిపితే కంప్యూటర్ రెండూ కలిపి లెక్కేసుకుంటుంది, "డ్యూయల్ ఇన్‌పుట్" అని గొంతుతో అరుస్తుంది. థ్రస్ట్ లీవర్లూ అంతే, 737లో ఆటోథ్రాటిల్ పని చేస్తుంటే అవి వాటంతటవే కదులుతాయి, ఇక్కడ క్లైంబ్ గాడిలో పెట్టాక ఇంజిన్ పవర్ పెరిగినా తగ్గినా లీవర్ కదలదు. అంటే, ఇన్నాళ్లూ చేతికి తెలిసిన విషయాలన్నీ ఇక కంటితో చదివి, నోటితో చెప్పి, చెవితో వినాలి. టైప్ రేటింగ్ అంతా ఇదే అని నా లెక్క. నడపడం కొత్తగా నేర్పరు, ఇద్దరు మనుషుల మధ్య, మనిషికీ మెషీన్‌కీ మధ్య మాట నేర్పుతారు.

చదవడం అంటే ఎఫ్‌ఎంఏ (ఫ్లైట్ మోడ్ అనన్సియేటర్). మన ముందున్న స్క్రీన్ పైభాగంలో ఐదు నిలువు గడులు, ఇంజిన్ ఏం చేస్తోంది, విమానం పైకా కిందికా, ఏ దిక్కుకి, ఆటోపైలట్ ఉందా లేదా, అన్నీ అక్కడ పొట్టి అక్షరాల్లో. ఏదైనా మారితే పది సెకన్లపాటు దాని చుట్టూ తెల్ల గీత వస్తుంది. మారిన ప్రతిదాన్నీ పైకి చదవాలి. టేకాఫ్ పవర్ పెట్టగానే "మ్యాన్ ఫ్లెక్స్, ఎస్ఆర్ఎస్, రన్‌వే, ఆటోథ్రస్ట్ బ్లూ" అని ఊపిరి తిప్పుకోకుండా అనాలి. మొదట్లో అదంతా మంత్రం చదివినట్టే అనిపించింది. కంఠతా వచ్చేసింది, అది మాకు వెన్నతో పెట్టిన విద్య. మా ఇన్‌స్ట్రక్టర్ గారు, తలపండిన కెప్టెన్, రెండో సెషన్ డీబ్రీఫింగ్‌లో మమ్మల్ని కూర్చోబెట్టి, నువ్వు చదువుతున్నావు కానీ చూడటంలేదు అన్నారు.

అప్పుడే బెంగళూరు ప్రమాదం గురించి వివరంగా చెప్పారు. 1990 ఫిబ్రవరి 14, ఇండియన్ ఎయిర్‌లైన్స్ 605, బొంబాయి నుంచి వస్తున్న ఏ320. అప్పటికి ఆ విమానాలు మన దేశానికి కొత్త. దిగుతున్నప్పుడు అది ఓపెన్ డిసెంట్ అనే మోడ్‌లో ఉండిపోయింది. ఆ మోడ్‌లో ఇంజిన్లు ఐడిల్‌లోనే, అంటే అతి తక్కువ శక్తిలోనే ఉంటాయి, వేగం తగ్గితే ముక్కు కిందికి దించి సరిచేసుకోవాలి తప్ప పవర్ పెరగదు. వాళ్లు రన్‌వే అందుకోవాలని ముక్కు పైకెత్తుకుంటూ పోయారు, పవర్ లేదు కాబట్టి వేగం పడిపోతూ వచ్చింది. 400, 300, 200 అడుగులని నేలనుంచి ఎత్తు కొలిచే రేడియో ఆల్టిమీటర్ పలుకుతూనే ఉంది. లీవర్లు ముందుకి తోసేసరికి ఆలస్యమైపోయింది, జెట్ ఇంజిన్ ఐడిల్ నుంచి పూర్తి శక్తికి రావడానికి కొన్ని సెకన్లు పడుతుంది. రన్‌వేకి ముందే గోల్ఫ్ కోర్సులో పడింది. 146 మందిలో 92 మంది పోయారు. ఆ తర్వాత కొన్నాళ్లు ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఏ320లన్నిటినీ నేల మీదే ఆపేశారు. ఐడిల్, ఓపెన్ డిసెంట్ అన్న రెండు ముక్కలు స్క్రీన్ మీద పైలట్ల కళ్ల ముందే ఉండే మాటలు. మేము ఆ రాత్రి పీజీకి వెళ్లేదాకా ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. ఫోన్లో చెబితే నాన్నకి ఆ ప్రమాదం పేపర్లో చదివిన గుర్తుందట.

ఇక అందరూ భయపడే వీ1 కట్. వీ1 అంటే ఇక ఆపకూడని వేగం, ఆ తర్వాత ఏం జరిగినా ఎగరాల్సిందే. సరిగ్గా అది దాటగానే ఇన్‌స్ట్రక్టర్ వెనకనుంచి ఒక ఇంజిన్ చంపేస్తారు. ఎడమది పోతే ముక్కు ఎడమకి లాగేస్తుంది, కుడి కాలు తొక్కాలి, ఎంత అంటే రన్‌వే మధ్యగీత మళ్లీ మన ముందుకొచ్చేంత. మామూలుకంటే కాస్త నిదానంగా ముక్కు ఎత్తాలి, పన్నెండున్నర డిగ్రీల దాకా. నేల వదలగానే స్క్రీన్ పైన చిన్న సూచిక నీలంగా మారుతుంది, అది మధ్యకొచ్చేదాకా కాలు సర్దాలి. మాస్టర్ కాషన్ టింగ్ మని ఒక్కసారి మోగుతుంది, పసుపు రంగు లైటు వెలుగుతుంది, మధ్యలో ఈకామ్ స్క్రీన్ మీద చేయాల్సిన పనులు వరసగా వచ్చేసి ఉంటాయి. ఇప్పుడు చేయాల్సింది ఏమిటంటే, ఏమీ చేయకపోవడం. 400 అడుగులు వచ్చేదాకా ఆ లైటు ఆర్పడం, గేర్ ఎత్తడం, విమానాన్ని దారిలో పెట్టడం తప్ప ఏ స్విచ్ మీదా చెయ్యి పడకూడదు.

ఇది ఎంత కష్టమో విజయవాడ హాస్టల్లో చదివినవాళ్లకి తెలుస్తుంది. మా చదువంతా పక్కవాడికంటే ముందు జవాబు పెట్టడమే. ప్రశ్న కనపడగానే చెయ్యి వెళ్లిపోవాలి, నిమిషానికి ఒక బిట్టు. నా చెయ్యి గాల్లో లేచింది, వెనకనుంచి కెప్టెన్ గారు తాపీగా "అమ్మాయీ, చెయ్యి తొడ మీద పెట్టుకో. ఆ ఇంజిన్ చచ్చిపోయింది, ఇంకో పది సెకన్లు ఆగితే ఇంకా చావదు" అన్నారు, ఆయన అన్నది హిందీలో అనుకోండి.

400 దాటాక కూడా పరుగు లేదు. పనిచేయని ఇంజిన్ లీవర్ మీద ఒకరు చెయ్యి పెట్టి "థ్రస్ట్ లీవర్ వన్, కన్ఫర్మ్?" అనాలి, రెండోవాళ్లు కళ్లతో చూసి "కన్ఫర్మ్‌డ్" అన్నాకే వెనక్కి లాగాలి. ఇంజిన్ మాస్టర్ స్విచ్ దగ్గర మళ్లీ అదే. ఇంత సాగదీత ఎందుకురా అనుకునేవాళ్లకి 1989 జనవరిలో ఇంగ్లండ్‌లో కెగ్‌వర్త్ దగ్గర ఏం జరిగిందో చదవమంటాను. 737లో ఎడమ ఇంజిన్ పాడైతే పొరపాటున బాగున్న కుడిదాన్ని ఆపేశారు, 47 మంది పోయారు.

నాకు బాగా గుర్తుండిపోయిన సెషన్ మాత్రం ఇంజిన్లు రెండూ చక్కగా పనిచేసినదే. తమ్ముడు నడుపుతున్నాడు, నేను చూసుకుంటున్నాను. ల్యాండింగ్‌కి దిగుతున్నాం. స్పీడ్ చెప్పాను, జవాబు లేదు. రన్‌వే వైపు చూస్తున్నాడేమో అనుకున్నాను. రెండోసారి గట్టిగా అన్నాను. పక్కకి చూస్తే తల పక్కకి వాలిపోయి, నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. రెండుసార్లు పిలిచినా పలక్కపోతే అతను స్పృహలో లేడనుకుని కంట్రోల్ తీసేసుకోవాలని పుస్తకంలో ఉంది, నేనే పరీక్షలో రాశాను కూడా. "ఐ హ్యావ్ కంట్రోల్" అన్నాను, స్టిక్ మీద ఎర్ర బటన్ నొక్కి పట్టుకున్నాను, గో అరౌండ్ చేసి, అంటే దిగడం మానేసి, మళ్లీ పైకెళ్లాను. కెప్టెన్ గారు ముందే వాడి చెవిలో చెప్పి పెట్టారన్నమాట. నటించమంటే తెనాలి వాళ్లకి ఒకరు నేర్పాలా? గో అరౌండ్ అయ్యి ఫ్లాప్స్ ఎత్తేదాకా వాడు రెప్ప వేయలేదు.

డీబ్రీఫింగ్‌లో కెప్టెన్ గారు అడిగింది వేరే. మొదటిసారి జవాబు రానప్పుడు నీ మనసులో ఏమనుకున్నావు అన్నారు. వాడి పని వాడు చేసుకుంటున్నాడులే అనుకున్నాను అన్నాను. ఆయన తల ఊపి, అదొక్కటే ఇక్కడ ఉండకూడదు అన్నారు. వాడి పనీ నీ పనే. వాడు ఏదైనా వదిలేస్తే నీ సెషన్‌కి మార్కు తగ్గదు, విమానం తగ్గుతుంది. హాస్టల్లో పక్కవాడు తప్పు బబ్లింగ్ చేస్తుంటే చూసి నోరు మూసుకున్న రోజులు నాకు గుర్తొచ్చాయి, ఆ రోజుల్లో అది తెలివి.

ఆ తర్వాత మేము పీజీ మేడ మీద తెలుగులో ఎంత వాగినా, లోపల కూర్చున్నాక ఒకరి తప్పు ఒకరం మొహమాటం లేకుండా చెప్పుకోవడం అలవాటు చేసుకున్నాం. వాడు నాకంటే చిన్నవాడు, బయట అక్కా అక్కా అంటూ తిరిగేవాడు, నేను గ్లైడ్, అంటే దిగాల్సిన వాలు, కంటే పైన ఉంటే మాత్రం "స్పీడ్", "సింక్ రేట్" అని ముఖం మీదే అనేవాడు. అదే కావాలి.

ల్యాండింగ్ గురించి ఒక్క ముక్క. సెస్నాలో ఉన్నప్పుడు కన్ను నేలకి దగ్గర, ఇక్కడ చాలా ఎత్తు, చక్రాలు మన వెనకెక్కడో ఉంటాయి. పైగా చివరి 30 అడుగుల్లో ఈ విమానం తానే ముక్కుని కొద్దికొద్దిగా కిందికి వంచుతుంది, మనం మెల్లగా లాగేలా చేయడానికి. 20 అడుగుల దగ్గర "రిటార్డ్" అని గొంతు వస్తుంది, అప్పుడు లీవర్లు వెనక్కి. కళ్లు రన్‌వే అవతలి కొసకి వెళ్లకపోతే ఎంతసేపు చెప్పినా రాదు, ఎవరికైనా అంతే.

సిమ్యులేటర్ శిక్షణ చివర జరిగే స్కిల్ టెస్ట్ చూసినవాటినే మళ్లీ చూపించింది, ఇంజిన్ ఫెయిల్యూర్, ఒక ఇంజిన్‌తో అప్రోచ్, గో అరౌండ్, పొగ, ఎమర్జెన్సీ డిసెంట్. టెన్షన్ ఉంది, కానీ ఎగ్జామినర్ అడగబోయేది ముందే తెలిసిన టెన్షన్ అది.

బేస్ ట్రెయినింగ్ మాత్రం వేరే లోకం. ఎయిర్‌లైన్‌లో చేరాక, పెద్దగా ట్రాఫిక్ లేని ఒక ఎయిర్‌పోర్ట్‌లో, ప్యాసింజర్లు లేని నిజం విమానంలో టేకాఫ్, ఒక చుట్టు, ల్యాండింగ్, మళ్లీ టేకాఫ్. చక్రాలు తాకగానే ఎడమ సీట్లోని ఇన్‌స్ట్రక్టర్ ఫ్లాప్స్ సర్ది, ట్రిమ్ సరిచేసి "గో" అంటారు, మనం ముందుకి తోసేస్తాం. ఖాళీ విమానం తేలిక, సిమ్యులేటర్లో నిండు బరువుకి అలవాటు పడ్డ చేతికి అది పైకి లేచిన తీరు చూస్తే గుండె ఝల్లుమంది. వెనక నూట ఎనభై సీట్లలో ఎవరూ లేరు, వంతు కోసం కూర్చున్న మా బ్యాచ్ నలుగురు తప్ప.

ఆ తర్వాత లైన్ ట్రెయినింగ్, నిజం ప్యాసింజర్లతో, ట్రెయినింగ్ కెప్టెన్ పక్కన. అది మొదలవడానికి ముందు లైసెన్సులో ఎండార్స్‌మెంట్, అంటే విమానం పేరు, పడాలి, అది డీజీసీఏ వాళ్ల ఈజీసీఏ అనే ఆన్‌లైన్ పోర్టల్లో పెట్టే ఫైలు మీద ఆధారపడుతుంది. నాతోపాటు చేసినవాళ్లలో చదువులో అందరికంటే ముందున్న అబ్బాయి ఫైలు, ఒక సిమ్ సెషన్ రిపోర్టు మీద ఇన్‌స్ట్రక్టర్ సంతకం లేదని వెనక్కొచ్చింది, ఆ ఇన్‌స్ట్రక్టర్ అప్పటికి వేరే దేశంలో ఉన్నాడు. కాబట్టి సెషన్ అవ్వగానే, ఎంత నిద్రొస్తున్నా, రిపోర్టు మీద తేదీ, గంటలు, లైసెన్స్ నంబరు సరిచూసుకుని అక్కడికక్కడే సంతకం పెట్టించుకోండి. ఫోన్లో ఫొటో కూడా తీసి పెట్టుకోండి.